నా రిపోర్టులో సుజాత బరువు

ఇది రాయడానికి నాకు ఏడాది పట్టింది. మొదట్లో గొంతు లేదు. గొంతు లేకపోతే రాయడానికి అడ్డమేమిటని అడగొచ్చు. నేను నోటితో ఆలోచించే మనిషిని, అది మూతపడితే బుర్రా మూతపడుతుంది. గొంతు వచ్చాక తీరిక లేదు. తీరిక దొరికాక సిగ్గు అడ్డమొచ్చింది. ఇప్పుడు ఆ సిగ్గునూ వదిలించుకున్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు స్వరూప. మెట్టిన ఊరు గోపన్‌పల్లి. రాయదుర్గంలో ఒక పెద్ద కంపెనీలో ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ చూస్తాను. ఉద్యోగుల్ని ఇంటి నుంచి ఆఫీసుకూ ఆఫీసు నుంచి ఇంటికీ చేర్చే క్యాబులన్నీ నా నోటి మీదే నడుస్తాయి. ఎవరు ఏ గేటు దగ్గర నిలబడ్డారు, ఏ డ్రైవరు ఎక్కడ టీ తాగుతూ ‘ట్రాఫిక్‌లో ఉన్న మేడం’ అంటున్నాడు, అన్నీ నాకు తెలియాలి. నోరున్నవాడిదే రాజ్యం అంటారు. ఆ లెక్కన నార్సింగి దాకా నా రాజ్యమే.

నేను లావు మనిషిని. ‘బొద్దుగా’, ‘కాస్త ఒళ్లు చేసింది’ అని మెత్తగా చెప్పేవాళ్లు ఉంటారు కానీ నాకు ఆ మెత్తదనం అక్కర్లేదు. ఇద్దరు పిల్లలు పుట్టాక, రోజుకు తొమ్మిది గంటలు కుర్చీకి అతుక్కుపోయాక, తొంభై కిలోలకు చేరాను. ఇంట్లో అందరూ ‘థైరాయిడ్ ఉన్నదేమో, అందుకే లావైంది’ అనేవారు. లావుగా ఉన్న ఆడదాన్ని చూస్తే మన ఊళ్లో వినబడే మొదటి మాట అదే. ఆ మాటను తిరగేసి, లావు వల్ల కూడా అక్కడ జబ్బు రావొచ్చేమోనని చూడాలని మాలో ఎవరికీ తోచలేదు.

మా ఆఫీసులో ఏటా జూన్‌లో హెల్త్ క్యాంప్ పెడతారు. కింద క్యాంటీన్‌లో బల్లలు జరిపి ఒక మూల రక్తం తీస్తారు, ఒక మూల డాక్టరు కూర్చుంటాడు, సరిగ్గా భోజనాల లైను పక్కన బరువు చూసే మిషను పెడతారు. ఒకామె అంకె చదువుతుంది, నాలుగడుగుల దూరంలో ఇంకొకామె రాసుకుంటుంది. రాసుకునే ఆమెకు వినబడాలంటే చదివే ఆమె అరవాలి. నేను చేరిన ఏడాది నా వంతు వచ్చినప్పుడు “ఎనభై తొమ్మిది పాయింట్ నాలుగు!” అని అరిచింది. పప్పు వేసుకుంటున్న చేతులు ఆగాయి. వెనక నుంచి ఎవరో “పాయింట్ నాలుగు గూడ చెప్పాల్నా?” అన్నారు, నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు.

మరుసటి జూన్‌లో నేను వెళ్లనన్నాను. వెళ్లకపోతే ఉరేమీ తీయరు. కానీ ఏ టీమ్‌లో ఎంతమంది వెళ్లారో లిఫ్టు పక్కన బోర్డు మీద పెడతారు. అందరూ వెళ్లిన టీమ్‌కు బిర్యానీ పార్టీ. మా టీమ్‌లో నేనొక్కదాన్నే మిగిలాను, బిర్యానీ నా మెడకు చుట్టుకుంది. అప్పుడు నన్ను కాపాడటానికి వచ్చింది సుజాత.

సుజాతది ప్రొద్దుటూరు. అడ్మిన్‌లో పని చేస్తుంది, మధ్యాహ్నం నా డబ్బాలో కూర సగం తనదే. ఎంత తిన్నా గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది.

“కాలేజీలో ప్రాక్సీ కొట్టల్యా నువ్వు? ఇదీ అంతే మే. నీ ఐడీ నంబరియ్యి, నేను పోయొస్తా,” అంది.

మొదటి రోజు తన పేరు మీద వెళ్లింది, రెండో రోజు నా పేరు మీద వెళ్లింది. అక్కడ మొహం చూసేవాళ్లు లేరు, నంబరే చూస్తారు. టీమంతా బిర్యానీ తిన్నాం. అలా మూడేళ్లు గడిచాయి. నా పేరుతో ఫోనుకు వచ్చే రిపోర్టులో అన్నీ పచ్చ రంగులోనే ఉండేవి. షుగరు లేదు, కొవ్వు లేదు, థైరాయిడ్ నార్మల్. మా అత్తమ్మ ఆ ఫోను పట్టుకుని చుట్టాలకు చూపించేది. “మా కోడలు పైకి గట్ల గనపడ్తది గని, లోపలంత మంచిగుంది,” అని. నవ్వు ఆపుకునేదాన్ని. విచిత్రం ఏమిటంటే, పోను పోను నేనే ఆ రిపోర్టును నమ్మడం మొదలుపెట్టాను. అబద్ధం మన పేరుతో అచ్చయి వస్తే మనకే నిజమనిపిస్తుంది.

మూడో ఏడాది ఆగస్టులో మా తమ్ముడి గృహప్రవేశానికి జాకెట్టు కుట్టించుకుందామని లక్ష్మి దగ్గరకు వెళ్లాను. మా గల్లీలో కుట్టు మిషను పెట్టుకున్న అమ్మాయి. నా కొలతలు తీసేటప్పుడు టేపు చాలదన్నట్టు మొహం పెట్టదు, అందుకే ఆమె అంటే నాకు ఇష్టం. మెడ దగ్గర టేపు పెట్టి ఆగిపోయింది.

“అక్కా, జర తల పైకెత్తు. కుడి దిక్కు ఉబ్బినట్టుంది.”

“లావైతే మెడ లావు గాదా?”

“లావైతే రెండు దిక్కుల అయితది గదక్కా. గిది ఒక దిక్కే ఉంది. దవాఖానల చూపెట్టుకో.”

నేను చూపించుకోలేదు. జూన్‌లోనే కదా రిపోర్టు వచ్చింది, థైరాయిడ్ నార్మల్ అని స్పష్టంగా ఉంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. దేవుడి సాక్షిగా, ఆ క్షణంలో అది సుజాత రక్తమన్న సంగతి నాకు గుర్తు రాలేదు.

అక్టోబరు మొదట్లో ఒకరోజు ఆఫీసు వాష్‌రూమ్ అద్దం ముందు నిలబడి సీసా ఎత్తి నీళ్లు తాగుతున్నాను. గుటక వేసినప్పుడల్లా మెడలో చిన్న నిమ్మకాయంత ఉబ్బు పైకి పోయి కిందికి దిగుతోంది. మరో గుటక వేశాను. మళ్లీ అంతే. అప్పుడు గుర్తొచ్చింది ఆ రక్తం ఎవరిదో.

మా ఆయన నరేందర్‌కు నార్సింగిలో టైల్స్ షాపు ఉంది. మాటలు తక్కువ మనిషి, మా ఇంట్లో ఆ కొరత నేను తీరుస్తాను. మెడ చూపించగానే షట్టరు దించి వచ్చాడు. ముందు దగ్గర్లోని క్లినిక్కు, అక్కడి నుంచి స్కానింగుకు, స్కానింగ్ నుంచి పెద్దాసుపత్రికి. ప్రతిచోటా కుర్చీలు ఇనుపవే, ప్రతిచోటా టీవీలో శబ్దం లేని వంటల ప్రోగ్రామే. మెడలో సూది గుచ్చి ఏదో తీశారు. నొప్పి చీమ కుట్టినంతే. ఫలితం కోసం ఆగిన ఆరు రోజులే అసలు నొప్పి. ఆ ఆరు రోజుల్లో ఫోనులో చదవకూడనివన్నీ చదివాను. మీరు చదవకండి. నా మాట వినరని తెలుసు, అయినా చెబుతున్నాను.

ఏడో రోజు సర్జన్ మేడం ముందు కూర్చున్నాం. యాభై ఏళ్లుంటాయి, గోదావరి జిల్లాల యాస. చుట్టూ తిప్పకుండా చెప్పింది. “క్యాన్సరేనండి. కానీ నెమ్మదిగా నడిచే రకం. ఆపరేషన్ చేస్తే చాలామంది శుభ్రంగా ఉంటారు. మీ పాత రిపోర్టులు ఏమైనా ఉన్నాయా?”

నేను నోరు తెరిచేలోగా నరేందర్ ఫోను తీసి మూడేళ్ల రిపోర్టులూ ఆమె ముందు పెట్టాడు. అతనికి అవంటే అంత గర్వం. ఆమె చూసింది. నన్ను చూసింది. మళ్లీ ఫోను చూసింది.

“బరువు యాభై రెండు కిలోలా? జూన్‌లోనా? ఇది ఎవరి రిపోర్టమ్మా?”

ఆ కుర్చీలో కూర్చుని క్యాన్సర్ మాట విన్నప్పుడు రాని కన్నీళ్లు ఈ ప్రశ్నకు వచ్చాయి. బరువు మిషను, అరుపు, బిర్యానీ, ప్రాక్సీ, అంతా కక్కేశాను. నరేందర్ కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

మేడం తిట్టలేదు. “ఒక మాట చెబుతాను వినండి. మీ రక్తమే ఇచ్చినా థైరాయిడ్ పరీక్ష బహుశా నార్మల్‌గానే వచ్చేది. ఈ జబ్బులో చాలామందికి అంతే. కానీ క్యాంపులో డాక్టరు మీ మెడ మీద చెయ్యి వేసేవాడు కదా, అది పోగొట్టుకున్నారు మీరు.”

“లావుండుడు వల్లనే వచ్చిందా మేడం?” అని అడిగాను. అత్తమ్మ అడగబోయే ప్రశ్న అదేనని నాకు తెలుసు.

“ఈ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువండి. ఒంటి బరువు ఎక్కువైతే ముప్పు ఇంకాస్త పెరుగుతుంది. అలాగని మీకు వచ్చింది దానివల్లే అని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. సన్నటివాళ్లకూ వస్తుంది. కాకపోతే లావు మెడలో గడ్డ దాక్కుంటుంది, లావు మనిషి డాక్టరు దగ్గరకు రాకుండా దాక్కుంటుంది. నాకు ఆ రెండోదే ఎక్కువ కోపం.”

తర్వాత ఆపరేషన్ గురించి చెప్పింది. గొంతును నడిపే సన్నటి నరం ఆ గడ్డ పక్క నుంచే పోతుందట. జాగ్రత్తగా తప్పిస్తారట, అయినా కొందరికి కొన్నాళ్లు గొంతు బొంగురు పోతుందట, ఎవరికో ఒకరికి పూర్తిగా తిరిగి రాకపోవచ్చట. ప్రాణం ఉంటుందో లేదో అన్న భయానికి ఇది తోడైంది. గొంతు పోయిన స్వరూప ఎవరు? ఆ డెస్కు దగ్గర, ఆ ఇంట్లో, ఆమెతో ఎవరికేం పని? మూలిగే నక్క మీద తాటిపండు అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

తిరుగు దారిలో గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర బండి ఆగింది. నరేందర్ నా వైపు తిరిగి అన్నాడు.

“ఊరంత నువ్వు లావని తెల్వదా? ఎవరి కాడ దాచినవ్ స్వరూపా? నా కాడనా?”

అతని గొంతు వణకడం పదిహేనేళ్ల కాపురంలో అదే మొదటిసారి వినడం. పచ్చ సిగ్నల్ పడి వెనక కార్లు హారన్లు కొడుతున్నా అతను కదల్లేదు.

ఇంట్లో అత్తమ్మ అనుకున్నంతా అంది. “రాత్రి పూట అన్నం తినొద్దంటే విన్నవా? కూసున్న కాడ్నే కూసుంటివి.” నాకు ఒళ్లు మండింది. “పెరుగన్నంల ఇంకో ముద్ద కలిపి పెట్టింది ఎవరు అత్తమ్మా?” అన్నాను. ఆమె మూతి ముడుచుకుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఆ తర్వాతా ముక్తసరిగానే. నిజం చెప్పాలంటే తిలా పాపం తలా పిడికెడు. పెట్టినవాళ్లది కొంత, తిన్నదాన్ని నాది కొంత, నవ్విన క్యాంటీన్‌ది కొంత, నన్ను రోజంతా కుర్చీలో కూర్చోబెట్టిన ఉద్యోగానిది కొంత.

సుజాతకు ఫోను చేసి చెప్పాను. అటువైపు ఏడుపు. “నేను నీకు సాయం చేస్తాండా అనుకుంటి మే. నా చేతులారా నేనే చేస్తిని.” ఒప్పుకున్నది నేనని, తప్పు నాదేనని ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు తనంతట తానే హెచ్‌ఆర్ దగ్గరకు వెళ్లి మూడేళ్ల సంగతీ చెప్పేసింది. ఉద్యోగం పోతుందేమోనని నేను హడలిపోయాను. ఇద్దరికీ చీవాట్లు పెట్టి, మందలింపు మెయిల్ ఇచ్చి వదిలేశారు.

నవంబరు రెండో వారంలో ఆపరేషన్. పిల్లల్ని మా అక్క దగ్గర ఉంచాం. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే అత్తమ్మ పక్కనే నడిచింది. రెండు వారాలుగా సరిగ్గా మాట్లాడని మనిషి నా చెవి దగ్గరకు వంగి, “నువ్వు జల్ది రా. నీ నోరు లేకుంటే ఇల్లు ఇల్లులెక్క లేదు,” అంది. లోపలికి పోయేదాకా ఆ మాటే నములుకుంటూ ఉన్నాను.

మెలకువ వచ్చేసరికి మెడకు కట్టు, పెదాల చుట్టూ తిమ్మిరి. నర్సు వంగి “పేరు చెప్పండి అక్కా” అంది. చెప్పాను. గాలి వచ్చింది కానీ పేరు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. చాప మీద చీపురు రాసినట్టు ఒక చప్పుడు. నరం తెగలేదు, నలిగింది, నాలుగైదు నెలల్లో కోలుకోవచ్చు అంది మేడం. ‘వచ్చు’ అన్న ఆ చివరి ముక్క దగ్గరే ఆగిపోయాను. గడ్డంతా తీసేశామని, అంటుకున్న గ్రంథులు కూడా తీశామని ఆమె సంతోషంగా చెబుతున్నా నా చెవికి ఎక్కలేదు.

డిసెంబరు నా జీవితంలో అతి నిశ్శబ్దమైన నెల. పిల్లలు అల్లరి చేస్తే చప్పట్లు కొట్టేదాన్ని. కూరగాయల బండి వస్తే కిటికీ దగ్గర గంటె మోగించేదాన్ని. పొద్దున్నే పరగడుపున మాత్ర, ఆ తర్వాత గొంతు కసరత్తు. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా పెట్టి, ‘ఊ’ అంటూ బుడగలు ఊదాలి. మొదట్లో నా ‘ఊ’ రెండు బుడగలకే అయిపోయేది. అత్తమ్మ ఎదురుగా కూర్చుని లెక్కపెట్టేది. “ఇయ్యాల ఏడు. నిన్న అయిదే.” ఒకరోజు ఆమె కూడా ఒక స్ట్రా తెచ్చుకుని నాతో పాటు ఊదింది. ఇద్దరం గేదెల్లా బుడగలు తీస్తుంటే నరేందర్ గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ ఇంట్లో మూడు నెలల తర్వాత వినబడ్డ మొదటి నవ్వు అది.

సంవత్సరం మారాక డెస్కుకు తిరిగి వెళ్లాను. గుసగుస తప్ప లేదు. మెసేజీలతో పని నడపవచ్చన్నారు కానీ బండి నడిపే మనిషి మెసేజీ ఎప్పుడు చదువుతాడు? మూడో రోజు సుజాత తన కుర్చీ లాక్కుంటూ వచ్చి నా పక్కన వేసింది. సాయంత్రం షిఫ్టు మారే గంటన్నర రోజూ వస్తానని తన మేనేజరు దగ్గర అనుమతి తెచ్చుకుంది. నేను తన చెవిలో గుసగుసలాడేదాన్ని, తను ఫోనులో కేకేసేది.

“యాదగిరన్నా, యాడుండావు? మూడో గేటు కాడ ఇద్దరు కాసుకోని ఉండారు, బిర్రిన రా!”

పాతికేళ్లుగా చేవెళ్ల యాస తప్ప మాట్లాడని డ్రైవరు యాదగిరన్న ఆ సీమ యాసకు బిత్తరపోయాడు. “మా స్వరూపక్కకు ఏమైంది? గీమె ఎవరు? జర అక్కనియ్యి!” అన్నాడు. నేను ఫోను తీసుకుని గుసగుసగా “నేనే అన్నా” అన్నాను. “ఫికర్ జెయ్యకక్కా,” అన్నాడు. “నువ్వు ఒర్రకున్నా టైముకే వస్తం.” చెప్పినట్టే ఆ రెండు నెలలూ బండ్లు టైముకు వచ్చాయి. నా అరుపులకే వాళ్లు వస్తున్నారని ఇన్నాళ్లూ అనుకున్నందుకు కొంచెం సిగ్గుపడ్డాను.

మార్చిలో ఒక ఉదయం పాలు పొంగుతుంటే “అత్తమ్మా, పాలు!” అన్నాను. అన్నాక తెలిసింది, అది గుసగుస కాదని. పగిలిన శబ్దమే, కానీ శబ్దం. పాలు పొయ్యి మీద పొర్లిపోయాయి, మేమిద్దరం ఒకరి చేయి ఒకరం పట్టుకుని నిలబడ్డాం. ఆ రోజు నుంచి రోజుకో మెట్టు చొప్పున గొంతు పైకి వచ్చింది.

ఈ మధ్యలో నడక కూడా మొదలుపెట్టాను. పదకొండు కిలోలు తగ్గాను. ఇంకా లావు మనిషినే. మేడం చెప్పిన మాట మీకూ చెబుతాను. బరువు తగ్గితే మేలే, ముప్పు తగ్గుతుంది, మోకాళ్లు దీవిస్తాయి. కానీ తగ్గిన తర్వాత వెళ్దామని పరీక్షలు వాయిదా వేయకండి. మన ఒళ్లు ఎలా ఉందో అలాగే తీసుకెళ్లి డాక్టరు ముందు నిలబెట్టాలి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఆ నలుగురి నవ్వుకు నేను చెల్లించుకున్నది చాలు.

మే నెలలో ఆర్నెల్ల పరీక్షకు వెళ్లాం. స్కాన్, రక్తం, మళ్లీ ఆ ఇనుప కుర్చీలు. ఈసారి రక్తం నాదే. అత్తమ్మ కూడా వస్తానంది. ఆమె పేరు బాలమణి, అరవై నాలుగేళ్లు, నాకంటే లావు. పుట్టి బుద్ధెరిగాక ఏ డాక్టరు చేతా చెయ్యి పట్టించుకోలేదని గొప్పగా చెప్పుకునే మనిషి. నేనూ నరేందర్ లోపలికి వెళ్లాం, ఆమె బయట కూర్చుంది.

మేడం కాగితాలు చూసింది. మెడ మీద చెయ్యి వేసి నిదానంగా నొక్కి చూసింది. కూర్చుని పెన్ను మూత పెట్టింది.

“ఏమీ లేదండి. శుభ్రంగా ఉంది. మాత్ర మానకండి, ఏడాదికోసారి కనబడండి.”

నరేందర్ ఆమెకు దండం పెట్టబోయి, కుర్చీ కాలికి తట్టుకుని, గోడ పట్టుకుని నిలబడ్డాడు. నేను అతని కోసం ఆగలేదు. తలుపు తోసుకుని బయటికి వచ్చాను. అత్తమ్మ మూడో వరుసలో కూర్చుని పైట కొంగు నలుపుతోంది. నా ఒంట్లో ఉన్న గాలంతా కూడగట్టుకుని కేకేశాను.

“అత్తమ్మా! ఏం లేదంట! నేను మంచిగున్న!”

టీవీ చూస్తున్న తలలన్నీ తిరిగాయి. ఎవరి చేతిలోనో ఫైలు కింద పడింది. ఆర్నెల్ల తర్వాత నా పూర్తి గొంతు అదే, అంచులో ఎక్కడా చీలిక లేదు. రిసెప్షన్ అమ్మాయి నిశ్శబ్దం బోర్డు వైపు వేలు చూపించబోయి, నా మొహం చూసి, నవ్వి, చెయ్యి దించేసింది. రెండో వరుసలో ఎవరో పెద్దావిడ చప్పట్లు కొట్టింది. నేను నిలబడి ఏడ్చాను, బాహాటంగా, తుడుచుకోకుండా. గెలిచాను అనిపించింది. ఎవరేమనుకున్నా ఆ మాట రాసుకుంటాను.

అత్తమ్మ నా దగ్గరకు వస్తుందనుకున్నాను. లేచింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది, నన్ను దాటి నేరుగా రిసెప్షన్ బల్ల దగ్గరకు నడిచింది.

“నా పేరు రాయి బిడ్డా. బాలమణి.”

“మీ ప్రాబ్లం ఏంటమ్మా?”

“నాకెట్ల ఎర్క?” అంది అత్తమ్మ, మెడ మీది కొంగు పక్కకు తీస్తూ. “నేనెన్నడన్న చూపెట్టుకుంటెగా.”